పెరిగే వయసే శత్రువు, పెరిగే వయసే మందు

పసిపిల్లల వెన్ను వంకరకు శస్త్రచికిత్సలు: తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు

పొట్లపాదు పెట్టిన ఇంట్లో అందరికీ తెలిసిన విషయమే. పిందె దిగగానే దాని కొసకు చిన్న రాయి కడతారు. కట్టకపోతే కాయ మెలికలు తిరిగిపోతుంది. కాయ ముదిరాక ఎంత పెద్ద రాయి కట్టినా అది తిన్నగా రాదు. పెరిగే దశలో ఉన్నదాన్నే దారిలో పెట్టగలం. పసిపిల్లల వెన్నెముకకు చికిత్స చేసే వైద్యులు పట్టుకున్న సూత్రం కూడా ఇదే.

ఎముకల వైద్యానికి ఆ పేరు పెట్టిన ఫ్రెంచి వైద్యుడు నికొలస్ ఆండ్రీ 1741లో రాసిన గ్రంథంలో ఒక బొమ్మ వేయించాడు. వంకరగా పెరుగుతున్న లేత చెట్టును తిన్నటి గుంజకు తాడుతో కట్టిన బొమ్మ అది. నేటికీ ప్రపంచంలో అనేక ఎముకల వైద్య సంఘాలకు అదే గుర్తు. మన పెద్దలు 'మొక్కై వంగనిది మానై వంగునా' అన్నారు. ఆండ్రీ బొమ్మలో ఉన్నదీ అదే మాట.

అయితే గుంజ కట్టినంత సులువుగా బిడ్డ వెన్నుకు కడ్డీ కట్టడం కుదరదు. గట్టిగా బిగిస్తే వెన్ను పెరగడం ఆగిపోతుంది. వదులుగా వదిలేస్తే వంకర పెరిగిపోతుంది. ఈ రెంటికీ మధ్య దారి కోసం వైద్యులు అరవై ఏళ్లకు పైగా శ్రమిస్తూనే ఉన్నారు. ఆ శ్రమ ఎంతవరకు వచ్చిందో, అందులో తల్లిదండ్రుల వంతు ఏమిటో పల్లెల్లో తెలిసినవారు తక్కువ.

గూని వేరు, పక్కవంకర వేరు

వెన్నెముక ముందుకు వంగితే గూని అంటాం. అదే వెన్ను కుడికో ఎడమకో ఒరిగి, దానితోపాటు పూసలు మెలి తిరిగితే దాన్ని వైద్యులు స్కోలియోసిస్ అంటారు. పూసలు తిరిగినప్పుడు వాటిని పట్టుకుని ఉన్న పక్కటెముకలూ తిరుగుతాయి. అందుకే వీపు ఒక వైపు ఉబ్బెత్తుగా లేస్తుంది. ఎక్స్‌రే మీద గీతలు గీసి వంకరను డిగ్రీలలో కొలిచే పద్ధతిని అమెరికా వైద్యుడు జాన్ కాబ్ 1948లో ప్రకటించాడు. పది డిగ్రీలు, అంతకుమించి ఉంటేనే జబ్బు కింద లెక్క.

పదేళ్లు దాటిన పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఈ పాటి వంకర ఉంటుంది. వారిలో చాలామందికి చికిత్సే అవసరం రాదు. ఎక్కువమందిలో కారణం తెలియదు. ఇది ఎదిగే వయసులో వస్తుంది, పెద్ద వంకరలు ఆడపిల్లల్లోనే ఎక్కువ. కొందరికి పుట్టుకతోనే పూస సగమే ఏర్పడటం వల్ల, రెండు పూసలు ఒక వైపు అతుక్కుపోయి ఉండటం వల్ల వంకర వస్తుంది. మరికొందరికి కండరాల జబ్బు, మెదడు వాతం వంటివి కారణమవుతాయి. ఒకనాడు పోలియో వచ్చిన పిల్లల్లో ఇది బాగా కనిపించేది. మనదేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014లో దేశాన్ని పోలియో రహితమని ప్రకటించారు. ఆ కారణం ఒకటి తొలగిపోయింది.

బడిసంచి బరువు వల్ల, నీళ్ల బిందె చంకన ఎత్తుకోవడం వల్ల, ఒక పక్కకే తిరిగి పడుకోవడం వల్ల ఇది వస్తుందని ఊళ్లలో చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. తల్లి గ్రహణం నాడు కదలడం వల్ల వచ్చిందనడమూ అంతే. బిడ్డ వెన్ను వంగినందుకు తల్లిని తప్పు పట్టడం అన్యాయం.

ఊపిరికి వచ్చే ముప్పు

పదేళ్లలోపే మొదలైన వంకరను వైద్యులు మరింత జాగ్రత్తగా చూస్తారు. కారణం అందచందాలు కావు, ఊపిరి. వెన్నూ పక్కటెముకలూ కలిసి ఊపిరితిత్తులకు గూడు కడతాయి. ఆ గూడు చిన్నప్పుడే నలిగిపోతే లోపలి ఊపిరితిత్తులు ఎదగడానికి చోటు ఉండదు. చికిత్స లేకుండా ఉండిపోయినవారిని ఏళ్ల తరబడి గమనించిన స్వీడన్ వైద్యులు 1992లో తమ ఫలితాలు ప్రకటించారు. పసితనంలో, బాల్యంలో వంకర మొదలైనవారిలో మరణాలు మామూలు జనంలోకంటే ఎక్కువగా ఉన్నాయి. ఎదిగాక మొదలైనవారిలో ఆ తేడా కనిపించలేదు.

వెన్ను పెరిగే లెక్క కూడా తెలుసుకోవలసిందే. మెడ కిందనున్న మొదటి పూస నుంచి నడుము అడుగు దాకా కొలిస్తే, పుట్టినప్పుడు సుమారు 20 సెంటీమీటర్లు ఉంటుంది. మొదటి ఐదేళ్లలో అది 10 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఐదు నుంచి పదేళ్ల మధ్య 5 సెంటీమీటర్లు పెరుగుతుంది. పదేళ్ల తరువాత పెరుగుదల ముగిసేలోగా మరో 10 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. అంటే వెన్ను జోరుగా పెరిగేది రెండుసార్లు: పాలు తాగే వయసు నుంచి ఐదేళ్ల లోపు ఒకసారి, ఈడు వచ్చే రోజుల్లో మరోసారి. వంకర కూడా ఆ రెండు దశల్లోనే పరుగెడుతుంది.

పెద్దవాళ్లకు చేసినట్టు పసివాళ్ల పూసలను కూడా కడ్డీలతో బిగించి, ఎముక పొడి పెట్టి, ఒకదానికొకటి అతికించేస్తే సరిపోదా అని ఎవరైనా అడగవచ్చు. పూర్వం అలాగే చేసేవారు. వంకర ఆగేది, కాని అతికించిన భాగం పెరగడం మానేసేది. కాళ్లూ చేతులూ పెరిగి మొండెం మాత్రం పొట్టిగా ఉండిపోయేది. తొమ్మిదేళ్లలోపే ఇలా అతికించిన పిల్లలను అమెరికాలోని టెక్సస్ వైద్యులు పరిశీలించి 2008లో నివేదిక ఇచ్చారు. ఛాతీ భాగంలో వెన్ను ఎత్తు బాగా తగ్గినవారికి ఊపిరి శక్తి కూడా తగ్గిందని వారు తేల్చారు. అందుకే నేడు పసివయసులో వెన్నును పొడవునా అతికించడానికి వైద్యులు తొందరపడరు.

కత్తి కంటే ముందు కట్టు

రెండేళ్లలోపు బిడ్డకు వంకర కనిపిస్తే ముందుగా చూసేది పిండికట్టు. బిడ్డకు మత్తు ఇచ్చి, ప్రత్యేకమైన చట్రం మీద సాగదీసి పడుకోబెట్టి, మెలిక తిరిగిన వైపును తిప్పుతూ మొండేనికి కట్టు వేస్తారు. రెండు మూడు నెలలకోసారి విప్పి కొత్తది వేస్తారు. లండన్‌లో పనిచేసిన డాక్టర్ మిన్ మెహతా ఈ పద్ధతికి పేరు తెచ్చారు. ఆమె 136 మంది పిల్లల ఫలితాలను 2005లో ప్రకటించారు. సగటున ఏడాదీ ఏడు నెలల వయసులోనే వచ్చిన 94 మందికి మూడున్నరేళ్లు వచ్చేసరికి వంకర పోయింది. సగటున రెండున్నరేళ్లకు వచ్చిన 42 మందిలో అది తగ్గిందేగాని పోలేదు. వారిలో కొందరికి తరువాత ఆపరేషన్ తప్పలేదు.

ఈ రెండు గుంపుల మధ్య తేడా పదకొండు నెలలు. పిల్లవాడు నడక నేర్చాక చూద్దాం, పుట్టువెంట్రుకలు తీశాక చూద్దాం అని వాయిదా వేస్తే గడిచిపోయే కాలం అది.

కొంచెం పెద్ద పిల్లలకు, అంటే 25 నుంచి 45 డిగ్రీల మధ్య వంకర ఉండి ఇంకా పెరుగుతున్నవారికి, బెల్టు లాంటి గట్టి తొడుగు ఇస్తారు. ఇది పనిచేస్తుందా అన్న అనుమానం చాలాకాలం వైద్యుల్లోనే ఉండేది. 2013లో అమెరికాలో వెలువడిన పెద్ద పరిశీలన ఆ అనుమానం తీర్చింది. తొడుగు వేసుకున్నవారిలో నూటికి 72 మందికి వంకర ఆపరేషన్ దాకా పోలేదు. వేసుకోనివారిలో అలా బయటపడినవారు 48 మంది. రోజుకు 13 గంటలకు పైగా వేసుకున్నవారిలో నూటికి 90 మంది గట్టెక్కారు. ఎండకాలంలో ఉక్కపోస్తుందని విప్పి చిలక్కొయ్యకు తగిలిస్తే ఆ తొడుగు వల్ల ఉపయోగం లేదు. లోపల పల్చటి నూలు బనియను వేసి, చెమట తుడుస్తూ, రాత్రివేళ తప్పకుండా వేయిస్తే చాలా గంటలు కలిసివస్తాయి.

పెరిగే కడ్డీలు

కట్టుకూ తొడుగుకూ లొంగని వంకరలకే శస్త్రచికిత్స. వెన్నుకు లోహపు కడ్డీ వేయడం మొదలుపెట్టినవారిలో ముఖ్యుడు హ్యూస్టన్ నగర వైద్యుడు పాల్ హారింగ్టన్. ఆయన దగ్గరకు వచ్చినవారు పోలియోతో వెన్ను వంగిన పిల్లలు. 1962లో ఆయన తన పద్ధతిని ప్రకటించాడు. పసిపిల్లల్లో పూసలు అతికించకుండా కడ్డీ మాత్రమే వేసి అప్పుడప్పుడు సాగదీసే పద్ధతిని జాన్ మో బృందం మెరుగుపరచి 1984లో వెల్లడించింది. ఒక కడ్డీ తరచు విరిగేది. రెండు కడ్డీలు వేసే పద్ధతిపై బెహ్రూజ్ అక్బర్నియా బృందం 2005లో 23 మంది పిల్లల ఫలితాలు ఇచ్చింది. మొదటి ఆపరేషన్‌తోనే సగటు వంకర 82 డిగ్రీల నుంచి 38కి దిగింది. ఆ తరువాత వెన్ను ఏటా సగటున 1.2 సెంటీమీటర్లు పెరిగింది. ఆ వయసు పిల్లలు మామూలుగా పెరిగేది కూడా దాదాపు అంతే.

పద్ధతి ఇలా ఉంటుంది. వంకరకు పైన రెండు మూడు పూసలకు, కింద రెండు మూడు పూసలకు మరలు బిగిస్తారు. మధ్యలో వెన్నును ముట్టుకోరు. పై నుంచి కిందకు రెండు కడ్డీలు చర్మం కింద, కండరాల మధ్యగా దూర్చి అతుకు దగ్గర కలుపుతారు. ఆరు నెలలకోసారి చిన్న కోత పెట్టి ఆ అతుకు వదులు చేసి, కడ్డీని కాస్త సాగదీసి మళ్లీ బిగిస్తారు. బిడ్డ ఎదిగే కొద్దీ కడ్డీ పొడవు పెరుగుతుందన్నమాట. పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చి పెరుగుదల తగ్గాక చివరి ఆపరేషన్‌లో పూసలు అతికించి ముగిస్తారు. ఐదేళ్లకు మొదలుపెట్టిన పిల్లవాడికి మొత్తం మీద పది, పదిహేను ఆపరేషన్లు కావచ్చు.

ఇన్నిసార్లు కోయడం వల్ల ఇబ్బందులూ ఉన్నాయి. 140 మంది పిల్లలపై 2010లో వచ్చిన నివేదికలో 81 మందికి ఏదో ఒక చిక్కు వచ్చింది. కడ్డీ విరగడం, మర ఊడటం, గాయం చీముపట్టడం వీటిలో ముఖ్యం. ఆపరేషన్ ఒకటి పెరిగినప్పుడల్లా చిక్కు వచ్చే అవకాశం 24 శాతం పెరుగుతూ పోయింది. పైగా సాగదీసిన ప్రతిసారీ వచ్చే లాభం క్రమంగా తగ్గుతుంది. కడ్డీ కింద పూసలు వాటంతట అవే అతుక్కుపోవడం దీనికి ఒక కారణం. అందుకే నేడు వైద్యులు కట్టుతోనో తొడుగుతోనో వీలైనంత కాలం నెట్టుకొచ్చి, బిడ్డ కొంచెం పెద్దయ్యాకే కడ్డీలకు దిగుతున్నారు. 'ఇంకో ఏడాది చూద్దాం' అని నిపుణుడు అంటే అది అశ్రద్ధ కాదని తల్లిదండ్రులు గ్రహించాలి.

వంకర మరీ మొండిదైతే కడ్డీలకు ముందు తలకు వలయం బిగించి బరువు కడతారు. మెడ చచ్చుబడిన పోలియో రోగుల కోసం పెర్రీ, నికెల్ అనే అమెరికా వైద్యులు 1959లో ప్రకటించిన వలయం ఇది. బిడ్డ చక్రాల కుర్చీలో కూర్చున్నా, నడిచే చట్రం పట్టుకుని తిరిగినా బరువు పైనుంచి మెల్లగా లాగుతూ ఉంటుంది. రోజుకు కొంచెం చొప్పున బరువు పెంచుతూ కొన్ని వారాలు ఉంచుతారు. చూసేవారికి భయం వేస్తుంది. పిల్లలు మాత్రం రెండు మూడు రోజుల్లోనే అలవాటు పడి ఆడుకుంటారు. ఆ వారాల్లో బిడ్డకు బాగా తిండి పెట్టి బరువు పెంచడానికీ వీలు కలుగుతుంది.

పక్కటెముకల నుంచి ఎత్తిపెట్టి

కొందరు బిడ్డలకు వెన్నుతోపాటు పక్కటెముకలు కూడా అతుక్కుపోయి పుడతాయి. ఛాతీ ఒక పక్క విచ్చుకోదు. అమెరికాలోని శాన్ ఆంటోనియో నగరంలో రాబర్ట్ క్యాంప్‌బెల్ అనే వైద్యుడు ఇలాంటి పసిబిడ్డల కోసం టైటానియం లోహంతో సాగే పక్కటెముకను రూపొందించాడు. 1989లో దాన్ని మొదట అమర్చారు. 2004లో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించింది. అతుక్కున్న ఎముకలను విడదీసి, ఈ పరికరంతో ఛాతీని ఎత్తిపెడతారు. వెన్ను కంటే ముందు ఊపిరితిత్తులకు చోటు చూడాలన్న ఆలోచన దీనితో స్థిరపడింది. దీన్ని కూడా కొన్ని నెలలకోసారి సాగదీయవలసిందే.

అయస్కాంతం, జారే కడ్డీ, తాడు

ప్రతిసారీ కోయకుండా సాగదీయలేమా అన్న ప్రశ్నకు హాంకాంగ్ వైద్యులు 2009లో ఒక జవాబు చూపారు. కడ్డీ లోపలే చిన్న అయస్కాంతం, మర ఉంటాయి. ఆసుపత్రి బల్ల మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టి, వీపు మీద పెద్ద అయస్కాంతపు యంత్రం పెట్టి తిప్పితే లోపలి కడ్డీ కొన్ని మిల్లీమీటర్లు సాగుతుంది. మత్తు అక్కరలేదు, కుట్లు ఉండవు, ఆ రోజే ఇంటికి రావచ్చు. 2014లో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది. ఇదీ చిక్కులు లేనిదేమీ కాదు. కడ్డీ నుంచి లోహపు పొడి రాలడం, కొస మూత ఊడటం బయటపడటంతో 2020లో బ్రిటన్ అధికారులు కొత్తగా అమర్చడం నిలిపివేయించి విచారణ జరిపారు. పైగా మామూలు కడ్డీకంటే ధర చాలా ఎక్కువ.

అమెరికాలోనే అర్కాన్సాస్ వైద్యుడు రిచర్డ్ మెకార్తీ మరో దారి పట్టాడు. వంకర నడిమి భాగాన్ని మాత్రం సరిచేసి అతికిస్తారు. పైనా కిందా మరల తలలను బిగించకుండా వదులుతారు. వెన్ను పెరిగే కొద్దీ మరలు కడ్డీ మీద జారుతూ పోతాయి. తిన్నటి పట్టాల మీద బండి కదిలినట్టు వెన్ను తన దారిన తాను పెరుగుతుంది. ఆరు నెలలకోసారి సాగదీసే పని తప్పుతుంది.

పది పన్నెండేళ్లు వచ్చి ఇంకా పెరుగుదల మిగిలి ఉన్నవారికి మరో పద్ధతి ఉంది. ఎముక ఒత్తిడి పడిన వైపు మెల్లగా, ఒత్తిడి లేని వైపు వేగంగా పెరుగుతుందని జర్మనీ వైద్యులు పందొమ్మిదో శతాబ్దంలోనే కనిపెట్టారు. దాని ఆధారంగా వంకర బయటి వైపు పూసలకు మరలు బిగించి, వాటిని గట్టి తాడుతో కలిపి లాగి కడతారు. బయటి వైపు పెరుగుదల నెమ్మదిస్తుంది, లోపలి వైపు పుంజుకుంటుంది. బిడ్డ పెరుగుతున్న కొద్దీ వంకర తానే తగ్గుతుంది. 2019 ఆగస్టులో అమెరికాలో దీనికి అనుమతి ఇచ్చారు. వెన్ను బిగుసుకుపోకుండా వంగే శక్తి మిగలడం దీనిలోని లాభం. తాడు తెగడం, ఒక్కోసారి వంకర అవతలి వైపుకు తిరగడం నష్టాలు. పెరుగుదల ముగిసినవారికి ఇది పనికిరాదు. మరీ పసివారికి తగదు.

సగం పూసతో పుట్టిన పిల్లలకు మాత్రం దారి వేరు. ఆ సగం పూసను చిన్న వయసులోనే తొలగించి, పైనున్న పూసనూ కింది పూసనూ దగ్గరకు చేర్చి అతికిస్తారు. రెండు మూడు పూసలు మాత్రమే పెరుగుదల కోల్పోతాయి. మిగతా వెన్నంతా తిన్నగా ఎదుగుతుంది. ఆలస్యమైతే ఆ ఒక్క పూస చుట్టూ ఉన్నవన్నీ వంగిపోయి పెద్ద ఆపరేషన్ అవుతుంది.

మన ప్రాంతంలో మరో రెండు వంకరలు

వెన్ను వంగిన ప్రతి బిడ్డదీ స్కోలియోసిస్ కాదు. క్షయ వెన్నుకు పట్టినా పూసలు కరిగి గూని వస్తుంది. వీపున ఒకే చోట నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం దీని గుర్తులు. ప్రభుత్వ ఆసుపత్రిలో క్షయ మందులు ఉచితంగా ఇస్తారు. మందులతో జబ్బు నయమైనా కథ ముగియదు. కోయంబత్తూరుకు చెందిన డాక్టర్ ఎస్.రాజశేఖరన్ ఇలా నయమైన పిల్లలను 15 ఏళ్ల పాటు గమనించి 2001లో ఫలితాలు ప్రకటించారు. ఎదిగే కొద్దీ కొందరిలో గూని దానంతట అదే తగ్గింది, మరికొందరిలో పెరిగింది. పెరిగే ప్రమాదం ఎవరికి ఉందో ఎక్స్‌రేలోనే ముందుగా పట్టే గుర్తులను కూడా ఆయన చెప్పారు. కాబట్టి క్షయ తగ్గిన బిడ్డను కూడా ఎదుగుదల ఆగేదాకా చూపిస్తూనే ఉండాలి.

ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము బిగుసుకుపోవడం నల్గొండ, ప్రకాశం జిల్లాల వారికి కొత్త కాదు. దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలోనే. అది ఏళ్ల తరబడి నీటి వల్ల వచ్చేది. దానికి మందు మంచి నీరు. ఆ ఊళ్లలో పిల్లవాడి వెన్ను పక్కకు ఒరిగితే 'నీళ్ల వల్లే' అని ఊరుకోవడం పొరపాటు.

ఇంట్లోనే ఒక నిమిషం పరీక్ష

బ్రిటిష్ వైద్యుడు విలియం ఆడమ్స్ 1865లో చెప్పిన పరీక్ష నేటికీ వాడుకలో ఉంది. దీనికి యంత్రం అక్కరలేదు. బిడ్డ చొక్కా తీయించి, పాదాలు రెండూ దగ్గరగా పెట్టించి, మోకాళ్లు వంచకుండా, రెండు అరచేతులు కలిపి ముందుకు వంగమనాలి. వెనుక నుంచి చూస్తే వీపు రెండు వైపులా ఒకే ఎత్తులో ఉండాలి. ఒక వైపు పక్కటెముకలు లేచి కనిపిస్తే వైద్యునికి చూపాలి.

ఇంకా కొన్ని గుర్తులున్నాయి. ఒక భుజం ఎత్తుగా ఉండటం, ఒక రెక్క ఎముక పొడుచుకు రావడం, నడుము మడత ఒక వైపే లోతుగా ఉండటం, లంగా అంచు ఒక పక్కకు దిగడం. ఆడపిల్లల విషయంలో దీన్ని మొదట పసిగట్టేది రవికె కొలత తీసే దర్జీయే కావచ్చు. వీపు మధ్య జుట్టు కుచ్చులా ఉండటం, కాళ్లలో బలం తగ్గడం, మూత్రం అదుపు తప్పడం, రాత్రి నొప్పితో లేవడం ఉంటే ఇక వారాలు కూడా ఆగకూడదు. పసరు కట్లు, మాలీషులు, వీపు మీద తొక్కించడం వంకరను తగ్గించవు. అవి విలువైన నెలలను తినేస్తాయి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వస్తాయి. ఆ రోజు పిల్లలను బడి మాన్పించకుండా పంపి, అనుమానం ఉంటే అడిగి చూపించుకోవాలి. ఎముకల వైద్యానికి హైదరాబాద్‌లోని నిమ్స్, తిరుపతిలో దేవస్థానం నడిపే బర్డ్ ఆసుపత్రి పేరున్నవి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉన్నవారు ఏ ఆపరేషన్‌కు అనుమతి ఉంది, కడ్డీల ఖర్చు అందులో కలుస్తుందా, తరువాత సాగదీసేందుకు వచ్చినప్పుడు ఏమి చెల్లించాలి అన్న మూడు విషయాలూ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి. మొదటి ఆపరేషన్ ఉచితంగా జరిగి, తరువాతి వాటికి చేతిలో డబ్బు లేక ఆగిపోతే బిడ్డకు నష్టం.

మొదటి ఆపరేషన్ తరువాతే అసలు పని

ఈ చికిత్సలో పల్లె కుటుంబాలకు పెద్ద పరీక్ష ఆపరేషన్ రోజు కాదు. ఆ తరువాత వచ్చే ఏళ్లు. వీపు తిన్నగా కనిపించగానే పని అయిపోయిందనిపిస్తుంది. ఆరు నెలలకు నాట్లు, మరో ఆరు నెలలకు కోతలు వస్తాయి. బస్సు చార్జీలు, కూలి పోవడం, తోడు వెళ్లే మనిషి లేకపోవడం తోడవుతాయి. ఒక వాయిదా తప్పుతుంది, తరువాత రెండోది. లోపల మాత్రం బిడ్డ పెరుగుతూనే ఉంటుంది. సాగదీయని కడ్డీ పెరిగే వెన్నును కిందకు పట్టి లాగుతుంది. కడ్డీ విరుగుతుంది, లేదా మర ఎముకను చీల్చుకుని వస్తుంది. మళ్లీ రాని వారికి కడ్డీ వేయడం కంటే వేరే పద్ధతి ఎంచుకోవడమే మేలని వైద్యులు ఆలోచిస్తారు. అందుకే రాగలమా, లేమా అన్నది దాచకుండా మొదటి రోజే చెప్పాలి.

ఇంటి దగ్గర చేయవలసినవీ ఉన్నాయి. బక్కచిక్కిన బిడ్డకు చర్మం కింద కడ్డీ ఒరుసుకుని గాయం పడుతుంది. గుడ్డు, పాలు, పప్పు, వేరుశనగ రోజూ పెట్టి ఒంటికి కండ పట్టించాలి. కుట్ల దగ్గర ఎరుపు, చెమ్మ, జ్వరం కనిపిస్తే మందుల షాపులో మాత్ర కొనకుండా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లాలి. వీపులో 'టక్' మని శబ్దం వచ్చినా, భుజాలు ఉన్నట్టుండి మళ్లీ ఎగుడుదిగుడైనా అంతే. బడి మాన్పించనక్కరలేదు. ఏ ఆటలు ఆడవచ్చో వైద్యుడే చెబుతారు.

కాళ్లు పడిపోతాయేమోనన్న భయం అందరికీ ఉంటుంది. ఆ ప్రమాదం అరుదే గాని లేదనలేం. వెన్నుపాములో సంకేతాలు సరిగా పారుతున్నాయో లేదో ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ యంత్రంతో చూసే ఏర్పాటు పెద్ద ఆసుపత్రుల్లో ఉంది. అది ఉందా అని అడగడంలో తప్పు లేదు. ఎన్ని ఆపరేషన్లు కావచ్చు, ఇప్పుడే చేయకపోతే ఏమవుతుంది, ఏడాది ఆగితే ఏమవుతుంది అన్నవి కూడా అడగవలసిన ప్రశ్నలే.

ఆడపిల్ల అయితే మరో మాట తోడవుతుంది. నలుగురికీ తెలిస్తే పెళ్లి కాదని ఓణీ కింద దాచి, వయసు వచ్చాక చూద్దామనుకునే ఇళ్లు ఉన్నాయి. దాచిన వంకర ఈడు వచ్చే రెండు మూడేళ్లలోనే రెట్టింపు కావచ్చు. వెన్నుకు ఆపరేషన్ అయినవారిలో చాలామంది పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కంటున్నారు. కాన్పు సమయంలో నడుముకు మత్తుసూది ఇచ్చేముందు కడ్డీలున్న సంగతి డాక్టరుకు చెప్పి, పాత ఎక్స్‌రే చూపితే చాలు.

వెన్ను పెరిగే కాలం తిరిగి రాదు. బిడ్డ పాత ఎక్స్‌రేలు, ఆసుపత్రి చీటీలు అన్నీ ఒక సంచిలో భద్రపరచి, మళ్లీ రమ్మన్న తేదీని గోడ క్యాలెండరు మీద అందరికీ కనిపించేలా రాసిపెట్టుకోవాలి. నాట్లు రెండు రోజులు ఆలస్యమైనా పంట వస్తుంది. ఆ తేదీ మాత్రం తప్పకూడదు.